క్వాంగ్ బావ ఏరు దాటించిన అత్తగారు

ఏవిటీ, మీ తాత ఎలాంటివాడనా? కూచో పిల్లా, ఆ పీట ఇలా లాక్కో. మీ అమ్మమ్మ చోంబాకి సొంత అన్నని, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? మొండివాడు. వంతెన కట్టడానికి చైనా నుంచి వచ్చాడా, పని అయిపోయింది, వాళ్ళ కంపెనీ బస్సు వచ్చి గుమ్మంలో ఆగింది. వాళ్ళ పైఅధికారి కిటికీలోంచి తల బయట పెట్టి, "ఎక్కవయ్యా క్వాంగ్!" అని అరుపు. మా బావ మీ అమ్మని భుజాన కూచోబెట్టుకుని, "మీరు పదండి. ఈ వంతెన ఒక వానాకాలం ఎలా తట్టుకుంటుందో చూసి వస్తా" అన్నాడు. ఏటేటా అదే మాట. ఇక్కడే ముసలాడైపోయాడు. అటు కసామా పట్నం దాకా ఏ ఊరికి బావి కావాలన్నా, పిండిమర చెడినా ఆయనే. ఆయన పోయిన రోజున చూడాల్సింది, ఆ జనం... సరే, అది వద్దులే.

మా అమ్మ సంగతి చెప్తా. మాలో అల్లుడు అత్తగారి ఎదట పడకూడదు, మాట్లాడకూడదు. పిల్లాపాపా పుట్టాక, అత్తగారే పిలిచి అన్నం పెడితే అప్పుడు మాట కలిపేది. మా బావ ఇదంతా మాకంటే నిష్ఠగా పాటించేవాడు. అమ్మ దారిలో కనబడితే చాలు, అంతటి ఇంజినీరూ గబుక్కున మొక్కజొన్న చేలో దూరేవాడు! అమ్మ నవ్వాపుకుని, "వాడు పోయాడా, చూడరా" అనేది.

వంతెన కడుతున్న ఏడు ఏరు పొంగింది. అప్పటికి స్తంభాలే లేచాయి, పైన ఏమీ లేదు. పడవలు కొట్టుకుపోయాయి. చోంబా అవతలి ఒడ్డున, పనివాళ్ళ ఇళ్ళల్లో. నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. అలాంటి కాన్పు చెయ్యగలిగింది చుట్టుపక్కల మా అమ్మొక్కతే. ఆవిడేమో నాతో ఇవతల ఉంది.

చూస్తున్నాం కదా, సిమెంటు మోసే ఇనప తొట్టి, రెండు ఒడ్లకీ కట్టిన తీగమీద ఊగుతా వస్తోంది. అందులో మా బావ! తాడు లాక్కుంటా, కింద ఏరు గర్జిస్తా ఉంటే. ఒడ్డున దిగి, అమ్మవైపు చూడకుండా నాతో అన్నాడు, "బావా, మీ అమ్మగారిని ఎక్కమను." రెండడుగుల్లో ఉంది ఆవిడ. "వాడితో చెప్పు, అల్లుడితో ఒక తొట్టిలో నేను కూచోను." "బావా, తాడు లాగడానికి నేను లేకపోతే అది కదలదని చెప్పు." "తీగ తెగితేనో, అడుగు." "నేను కట్టిన తీగ తెగదని చెప్పు." నేను చెప్పేదేవుంది, ఇద్దరికీ చెవులున్నాయి!

ఇంతలో అవతల నుంచి చోంబా కేక వినబడింది. అంతే. అమ్మ పైబట్ట మొహం మీదికి లాక్కుని ఎక్కేసింది. వీపూ వీపూ ఆనించి కూచున్నారు. నట్టేట్లో గాలికి తొట్టి గిర్రున తిరిగింది. మా బావ చెయ్యి ఆపలేదు. అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడిందని తర్వాత తెలిసింది.

బావ మళ్ళీ తొట్టి తెచ్చి నన్ను దాటించేసరికి బిడ్డ ఏడుస్తోంది, ఆడపిల్ల. చోంబా నీరసంగా నవ్వింది. మా బావ వాకిట్లో గోడవైపు తిరిగి నుంచున్నాడు, అత్తగారు బయటికొస్తుందేమోనని. అమ్మ వచ్చింది. మొహం మీద బట్ట లేదు. అన్నం లేదు, ఆచారం లేదు, సూటిగా ఆయన ముందుకెళ్ళి నిలబడి, "అల్లుడూ, మీ అమ్మ పేరేవిటి?" అంది. పోయిన పెద్దల పేరు పిల్లకి పెట్టడం మా పద్ధతి. కానీ ఆయన తల్లి పోయిందని మాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వానలకి ముందు, ఆ ఎండల్లోనే చైనా నుంచి కబురొచ్చిందట, వెళ్ళలేక, ఎవరికీ చెప్పుకోలేక మింగేశాడట. మా అమ్మ ఎలా కనిపెట్టిందో.

"గుయ్‌లాన్" అన్నాడు. అమ్మ రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకుని, పలకడం వచ్చాక, లోపలికెళ్ళి బిడ్డ చెవిలో చెప్పింది. అదే మీ అమ్మ పేరు. మా బావ అక్కడే గడపమీద కూలబడి, ఆ చీరుకుపోయిన చేతుల్లో మొహం పెట్టుకుని...

ఇదిగో, మబ్బేసింది. ఆ ఆరేసిన బట్టలు తియ్యి, పో.