దాచిన కరెంటు

కరెంటు తీగ రాని గుట్ట మీద ఒక రేకుల ఇల్లు. సర్కారు ఊరికే ఇచ్చిన సోలార్ పెట్టెను వెనక్కి పట్టుకుపోవడానికి వచ్చిన ఆఫీసరు, దానికి అడ్డంగా నిలబడ్డ ఇంటావిడ.

“అడ్డు లేమ్మా. మెకానిక్ మరలు విప్పాలి.”

“విప్పొద్దు సార్! మీ కాళ్లు పట్టుకుంటా.”

“కాళ్లు తర్వాత. ముందు మీటరు చూడు. ఎనిమిది నెలల్లో మూడు యూనిట్లు. మూడంటే మూడు! ఇంత ఖరీదైన సామాను మీ గోడకి అలంకారమా?”

“పాడు చెయ్యలేదు సార్. రోజూ తుడుస్తా.”

“తుడుచుకోమని ఇచ్చామా? పెట్టిన రూపాయికి ఫలితమేదని పైవాళ్లు నన్ను నంజుకు తింటున్నారు. వాడనివాళ్ల దగ్గర ఊడబీకి వాడేవాళ్లకి ఇమ్మన్నారు.”

“మాకు కావాలి సార్. పిల్లకి ఆయాసం. డాక్టరుగారు మందు పీల్చే మిషన్ ఇచ్చారు. దానికి కరెంటు కావాలి.”

“మరి పెట్టావా?”

“పెడతాం. వానాకాలంలో.”

“ఇన్నాళ్లూ?”

“దాస్తున్నాం.”

“ఏంటి దాచేది?”

“కరెంటే సార్. ముసురు పడితే ఎండ ఉండదు కదా. అప్పుడు పిల్లకి చాలాలని. మేం కిరసనాయిలు బుడ్డితోనే నెట్టుకొస్తున్నాం.”

“హహ్హ! ఏవయ్యా మెకానిక్కూ, విన్నావా? గాదెలో గింజల్లా దాస్తోందట!”

“నవ్వకండి సార్. తప్పా?”

“ఒక్కరోజు ఎండకే నిండిపోతుందమ్మా ఇది. ఆ పైన వచ్చేదంతా గాలికే. వాడితే మర్నాడు మళ్లీ నిండుతుంది.”

“మళ్లీ... నిండుతుందా?”

“ఎండ ఉన్నన్నాళ్లూ.”

“ఆ మిషన్ రోజూ పెట్టినా?”

“పూటపూటకీ పెట్టుకో. అదెంత తాగుతుంది?”

“బిగించినాయన చెప్పలేదే! జాగ్రత్తగా వాడుకోండి అన్నాడంతే.”

“ఇంటింటికీ వెళ్లి కూర్చుని చెప్పే మనిషి ఉండేవాడులే. దండగ ఖర్చని తీసేశాం. సరే, మీ ఆయన్ని పిలు. పెట్టె వెనక్కి అప్పగించినట్టు సంతకం పెట్టాలి.”

“ఆయన... నేను వేలిముద్ర వేస్తా సార్.”

“కుదరదు. పెట్టె ఆయన పేరున ఉంది. ఎక్కడికెళ్లాడు?”

“ఆయనకీ ఆయాసమే సార్.”

“అయితే ఏం? సంతకానికి ఆయాసమేంటి? పిలవమంటే...”

“పోయిన నెల ఊపిరాడక గిలగిల్లాడుతూ, ఒక్కసారి మిషన్ పెట్టవే అని చేతులు జోడించాడు సార్. పిల్లకి తక్కువైపోతుందని, ఆయన పెట్టుకున్న ప్లగ్గు నేనే పీకేశాను.”