ఆకుపచ్చ దుప్పట్లు

హలో… ఆ, నేనేరా అల్లుడూ, మామయ్యని. పెట్టెయ్యకు.

… లేదురా, ఈసారి క్యారియర్‌లో ఏమీ కలపలేదు. ధైర్యంగా తిను.

… ఒక్క ముక్క అడిగి పెట్టేస్తా. మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర అద్దాల తొట్టి ఉందే, చేపలది… ఆ, అదే. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటావుగా, మాంసం కడిగిన నీళ్లు మేం శుభ్రం చేస్తే చివరికి ఇందులోకే వస్తాయి, చేపలెలా ఈదుతున్నాయో చూడండి అని. ఇప్పుడా నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?

… ఊరికే అడుగుతున్నా.

… దూరం నుంచి కాదు, దగ్గరికెళ్లి చూడు.

… తేటగా ఉన్నాయా. అద్దంలా. ఓహో.

… నేనెక్కడ నవ్వుతున్నా? నవ్వే సంగతయితే ఈపాటికి నవ్వడం కూడా అయిపోయేది.

సరే, చెప్పేస్తా, తిట్టకు. పొద్దున క్యారియర్ ఇచ్చాక నువ్వు చేతులు కడుక్కోడానికి వెళ్లావు చూడూ… కోత షెడ్డు నీళ్లు మొదట పడే గుంత ఉందిగా, వెంట్రుకలూ కొవ్వూ ఆపే జల్లెడ దగ్గర… అందులో ఒక రంగు పొట్లం విప్పా.

… బట్టలకేసే రంగురా, విషమేం కాదు. ఆకుపచ్చది. ఎరుపైతే ఆ నెత్తుట్లో ఎవడికి కనిపిస్తుంది?

… ఎందుకేమిటి? మీ మేనేజరు ముందు నీ చేపలు ఆకుపచ్చ నీళ్లలో తిరుగుతుంటే నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని. ఎదురు టీ కొట్లో కూర్చుని మెడ పట్టేసేదాకా చూశా. రంగు రాలేదు. కొట్టువాడు నకిలీది అంటగట్టాడు, వెళ్లి వాణ్ణి దులిపేద్దాం అనుకున్నా.

… అరవకు, అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. నేనిప్పుడు మీ పెరట్లో ఉన్నా. మీ అమ్మ అటు దుప్పట్లు ఆరేస్తోంది, వినపడదులే. మీ ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కాలువలో జాడించిన దుప్పట్లు… ఆకుపచ్చగా ఉన్నాయి. ఆవిడ చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చే.

… లేదు, ఒట్టు. బకెట్లో వెయ్యలేదు. పొట్లం మీ గుంతలోనే విప్పా.

మరి చేపల దగ్గరికి రాని రంగు, కాలువలోకి ఎలా వచ్చిందిరా? గోడ దూకిందా?

… పురుగులా? ఆ గాలి కొట్టే ట్యాంకులో మురికి తినే సన్న పురుగులు, అవి రంగు తినేశాయంటావా. సరే, తిన్నాయే అనుకో. తిన్న రంగు మీ అమ్మ చేతులకెలా అంటింది?



… సిగ్నల్ సరిగ్గా లేదా. ఆ ఎత్తు నీకు నేర్పిందే నేను.

ఇంకోటి. గాలి మోటారు చప్పుడేదిరా? మామూలుగా నీ దగ్గర మాట్లాడాలంటే చెవిలో కేకెయ్యాలి. ఇవాళ నువ్వు గొణిగినా వినిపిస్తోంది.

… కాలిపోయిందా. ఎప్పుడు?

… అప్పట్నుంచా.

… అంటే, పక్క వాల్వు తిప్పేసి గుంతలోంచి నేరుగా కాలువలోకే. నెత్తురూ కొవ్వూ, అన్నీ. మరి చేపల తొట్టిలోకి?

… ఆఫీసు కుళాయి నీళ్లు. బాగుంది. చేపల జాతకం బాగుంది.

… మేనేజరు చెప్పాడు, సరే. కొత్త మోటారు వచ్చేదాకానే అన్నాడు, సరే. వాల్వు తిప్పిన చెయ్యి ఎవరిది?

… ఊఁ.

మీ అమ్మ చేతులు పగిలి పుళ్లు పడ్డది ఎప్పట్నుంచో తెలుసా? డాక్టరు సబ్బు పడలేదన్నాడు. సబ్బు మార్చింది. మళ్లీ మార్చింది. పని ఎగ్గొట్టడానికి వేషాలని నేను ఆటపట్టించా కూడా. నీ మోటారూ ఆవిడ చేతులూ ఒకేసారి పాడయ్యాయిరా.

… ఆవిడకేం తెలుసు? బకెట్లో రంగు నేనే కలిపానని నవ్వుతూ తిట్టింది. అవునన్నా. వేరే ఏం చెప్పను? నిన్న కూడా, కాలువ వాసనేస్తోంది కదక్కా అంటే ఏమందో తెలుసా? ‘నా కొడుకు దగ్గరుండి శుభ్రం చేసి వదులుతున్న నీళ్లు, నీ ముక్కుకే ఏదో అయింది’ అంది. పంపు కింద ఉతుక్కునే మనిషి. నీకా ఉద్యోగం వచ్చాకే కాలువకి మారింది.

…

… ముక్కు తుడుచుకో. వెళ్లి వాల్వు కట్టెయ్.

… గుంత పొంగుతుంది, షెడ్డులో కోత ఆగిపోతుంది. ఆగనీ.

… ఉద్యోగమా? పోవచ్చు. పోదని నేను చెప్పలేను.

… నడు. ఫోను అలాగే పట్టుకో. తిప్పే చప్పుడు నా చెవిన పడాలి.

… 

… అది తలుపు గడియరా. నా దగ్గరా నీ వేషాలు?

… 

ఆ, ఇదీ. కీచుమంటోంది. ఇంకా తిప్పు… ఇంకా… బిగిసిందా?

… ఏమో, నమ్మను. సగం పొట్లం ఇంకా నా జేబులోనే ఉంది, గుర్తుపెట్టుకో.

… ఊహూఁ, మీ అమ్మకి నేను చెప్పను. నేను చెబితే వేళాకోళం అనుకుని మళ్లీ అందులోనే చెయ్యి పెడుతుంది. నువ్వే చెప్పాలి.

… ఎలాగో నాకేం తెలుసు? ‘అమ్మా’ అని మొదలుపెట్టు.

అక్కా… ఇటు రా. నీ కొడుకు… లేదు, నా ఆట కాదు, వాడే. తడి చెయ్యయినా పర్లేదు, ఫోను పట్టుకో.