పిలిస్తే తిరుగుతాడు

బట్టలు కుట్టే గది, చెక్కపలకల నేల. మిషన్ ముందు అక్క. శిశు సంరక్షణ కేంద్రంలో పనిచేసే చెల్లెలు ఇప్పుడే వచ్చింది. నేల మీద దారపు కండెలతో ఆడుకుంటున్నాడు అక్క కొడుకు.

"ఆ మిషన్ కాస్త ఆపక్కా."

"ఈ గౌను సాయంత్రానికి ఇవ్వాలే. నువ్వు చెప్పు, వింటున్నా."

"ఆపమంటున్నానా! నాకు భయంగా ఉంది. నిన్న మా దగ్గర సరిగ్గా వీడి వెనకాలే బండల మీద పళ్ళెం పడింది. పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు. వీడు తల కూడా తిప్పలేదు."

"ఆటలో పడితే వాడికి లోకం పట్టదు."

"మిషన్ ఆపావు గానీ కాలు ఆపలేదు."

"తొక్కీ తొక్కీ అలవాటైపోయింది. ఊరుకోమంటే ఊరుకుంటుందా?"

"పదిహేడు నెలలక్కా. అమ్మా అనడు, పిన్నీ అనడు. 'బంతేదిరా' అంటే నా మొహం చూస్తాడు."

"తొమ్మిదో నెలకే నడిచాడు! బల్లలెక్కి దూకుతున్నాడు. ఊరికే పిడుగని పిలుస్తున్నామా? వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గానీ నోరు పెగల్లేదట. ఇప్పుడు మూయమంటే మూస్తాడా?"

"నవ్వించకక్కా. నేనడిగేది కాళ్ళ గురించి కాదు, చెవుల గురించి."

"ఛీ! ఏం మాటలే అవి?"

"అయితే చూడు. ఒరేయ్ పిడుగూ! పిడుగూ!... చూశావా?"

"నీ గొంతు వాడికి..."

"రోజూ పొద్దున్నుంచీ సాయంత్రందాకా వింటున్న గొంతే!"

"అబ్బ, అరవకే!"

"అరిచినా తిరగలేదు, అదే కదా నా ఏడుపు! ఏదీ, నువ్వు పిలువు."

"ఇప్పుడెందుకే..."

"పిలవక్కా, నీకు దణ్ణం పెడతా."

"...పిడుగూ! నాన్నా!"

"తిరిగాడు! అక్కా, తిరిగాడు! నవ్వుతున్నాడు చూడు, దొంగ వెధవ! పిన్నంటే లెక్కలేదురా నీకు?"

"చెప్పానుగా. నేను పిలిస్తే తిరుగుతాడు."

"నా నోట్లో మన్నుపడ! రాత్రంతా కంటిమీద కునుకు లేదు. డాక్టరమ్మని బతిమాలి రేపు చెవుల పరీక్షకి వీడి పేరు రాయించాను కూడా. చెవుల్లో ఏదైనా లోపముంటే ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిదంది, ఆలస్యమైతే మాటలు రావడం కష్టమట. వద్దని చెప్పేస్తాలే. ఆ సమయం ఇంకో పిల్లాడికైనా పనికొస్తుంది."

"...ఊఁ."

"హలో, డాక్టరమ్మా, రేపు పొద్దున చెవుల పరీక్షకి పేరు రాయించాం, మా అక్క కొడుక్కి... ఆఁ, అదే. ఇక అవసరం..."

"ఆగు."

"ఒక్క నిమిషమండీ. ఏంటక్కా?"

"వస్తామని చెప్పు."

"అదేంటి! ఇప్పుడే తిరిగాడు కదా!"

"నా గొంతుకి కాదే. వాడి మొదటి పుట్టినరోజు నుంచీ, పిలిచినప్పుడల్లా నేల మీద కాలితో కొడుతున్నాను."