ఒడిబియ్యంలో దాచిన మాత్రలు

"అవ్వా, అక్కకు ఒడిబియ్యం పోసేనాడు నువ్వెందుకంత గలాటా చేసినావు?"

చేయక ఏం చేయాలమ్మే? కూర్చో. నీ పెండ్లి కూడా దగ్గరికొచ్చె, నీకూ తెలియాల.

మీయక్కకు కాలేజీ నాటి నుంచే థైరాయిడ్ కదా. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, అంతే. హిందూపురం సంబంధం కుదిరినాక ఆ సంగతి వాళ్లకు చెప్పొద్దనె మీయమ్మ. నేను చెప్దామంటే నా నోరు మూయించె. ధర్మవరం పోయి పెండ్లిచీరల కోసం పొద్దంతా అంగళ్లు తిరిగినారు, డాక్టరమ్మ దగ్గరికి పోయేదానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపాయె. పెండ్లయి, మన పెనుకొండ నుంచి ఒడిబియ్యం పోసి పంపేటప్పుడు, ఎండుకొబ్బరి, ఖర్జూరాల కింద, ఆ బియ్యంలోనే మాత్రల అట్టలు పెట్టి మూట కట్టినాది మీయమ్మ. ఆడపిల్ల మందు మింగేది దొంగతనమా, చెప్పు?

ఆ బియ్యం ఆడ వండాల కదా. వాళ్లత్త మూట విప్పినాది. పిల్లలు పుట్టకుండా మింగే మాత్రలనుకోని, తీసి మోరీలో పారేసినాది. మీయక్క నోరెత్తలే. అమ్మ చెప్పొద్దన్నాది కదా! మా చెల్లెలు, తలుపుల ఊరి చిన్నవ్వలే, ఆమె కోడలూ ఇట్లే రక్తం తక్కువున్నా చెప్పక... సరే, అది ఇప్పుడొద్దు.

మాత్ర నిలిచిపాయె. నెల తప్పె. మూడో నెల దాకా బయట చెప్పకూడదంట, దిష్టంట. డాక్టరుకు చెప్తే కూడా దిష్టి తగులుతాదా? మూడో నెల రాకముందే కడుపు పోయె.

అప్పుడు తీసకపోయినారు హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి. నేనూ పోయింటి. ఇదొక్కటే కారణమని చెప్పలేను గానీ మాత్ర నిలిపేది తప్పనె ఆమె. బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే వస్తే, రక్తం చూసి మాత్ర సరిచేసిందుము అనె. మీయక్క ఏడుస్తా, "ముందే రావచ్చా మేడం?" అనె. డిగ్రీ చదివిన పిల్లమ్మా! ఇంతమాత్రం తెలియకపాయె.

ఇంటికి తెచ్చుకోని, కోలుకున్నాక మళ్లా ఒడిబియ్యం పోస్తాంటే, వచ్చినోళ్లంతా తొందరగా బిడ్డను కనమని దీవిస్తాండారు. ఇంగ ఊరుకోలేకపోతి. "బిడ్డ మాట తర్వాత. డాక్టరమ్మ సరే అనేదాకా ఈ పిల్లను ఎవరూ అడగొద్దు" అంటి. థైరాయిడ్ సంగతీ అందరి ముందరే చెప్పేస్తి.

మీయమ్మ తల దించుకునె. పిల్చుకపోయేదానికి వచ్చిన వాళ్లత్త మాత్రం నన్నే చూసి, "ముందే చెప్పింటే నేను పారేస్తానా అమ్మా?" అనె. ఆమె అడిగింది న్యాయమే.

అందుకే చెప్తాండా. రేపు పోయి నువ్వూ రక్తం చూపించుకో, ఏముంటే అది నిన్ను చేసుకోబోయే పిల్లోనికి చెప్పు. బిడ్డలు కలగాలని అందరూ దీవిస్తారులే. నేను ఒకటే అంటా. నీ ఒంట్లో రక్తముండాల తల్లీ, నోట్లో మాటుండాల.