వెలగని పన్నెండు బల్బులు

ఎలక్ట్రీషియన్ని పిలుద్దామా? ఏమే మనవరాలా, మరి రెండేళ్లు నువ్వు చదివొచ్చింది ఏంటే? సర్టిఫికెట్ మీద రాసింది ఎలక్ట్రీషియన్ అనే కదా! ఫ్యాన్ ఆగితే ఫస్ట్ క్లాసు పిల్ల ఫోన్ వెతుక్కుంటోంది, బాగుంది వరస. ఏంటీ, మీ వర్క్‌షాపులో బోర్డులు ఎప్పుడూ చెడిపోలేదా? స్విచ్ వేస్తే వెలిగేవి, రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్నారు, అంతేనా? అబ్బ, ఒళ్లు మండిపోతోందే నాకు. అదే బడి, అదే గది. నేను చదివినప్పుడు అక్కడ మెలిక మాస్టారు ఉండేవాడు. పోయి ముప్పయ్యేళ్లు దాటిందనుకో. ఆ పేరు మేం పెట్టిందేలే. పొద్దున మేం ఎంతో ముచ్చటగా వైరింగ్ చేసి బల్బు వెలిగిస్తామా, భోజనానికి వెళ్లొచ్చేసరికి పన్నెండు బోర్డుల్లో ఒక్కటీ వెలగదు. మేం లేనప్పుడు ఆయనే చెడగొట్టేవాడు! ఒకడి హోల్డర్లో సన్న కాగితం ముక్క పెట్టేవాడు. ఇంకొకడి స్విచ్‌లో స్క్రూ కింద రాగికి బదులు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు బిగించేవాడు. పైకి చూస్తే అంతా లక్షణంగా ఉండేది. "ఊహించకండి, వెతకండి" అని బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు. మెయిన్ ఆపామండీ అంటే, "ఆపావు సరే, కరెంటు లేదని చూశావా?" అనేవాడు. చూడకుండా వేలు పెట్టినవాడు ఆ పూటంతా గుమ్మం బయటే. చిరాకొచ్చేది, ఎందుకు రాదు! కానీ ఏడాది తిరిగేసరికి ఎవరింట్లో ఏది ఆగినా మేమే విప్పేవాళ్లం.

ఎక్కడున్నాను? ఆఁ, బళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఓ రోజు చెప్పాపెట్టకుండా, సరిగ్గా భోజనాలయ్యాక దిగబడ్డాడు. తనే మెయిన్ వేసి వరసగా ఐదు స్విచ్చులు నొక్కాడు. ఐదూ వెలగలేదు. ఆరోది నొక్కే ఓపిక లేదు మహానుభావుడికి. "గది మొత్తం మీద ఒక్క బల్బు వెలగదు, ఏం నేర్పుతున్నావయ్యా?" మాస్టారేమో నెమ్మదిగా, "వెలిగే బల్బు దగ్గర నేర్పడానికి ఏముంటుందండీ? పావుగంట ఇవ్వండి, పిల్లలే వెలిగిస్తారు" అన్నాడు. పావుగంట! ఇచ్చాడా? "సామాను చెడగొట్టి పైగా సమర్థింపా?" అని ఎగిరిపడ్డాడు. వారం తిరక్కుండా మాస్టారికి స్టోరు గది తాళాలిచ్చి కూర్చోబెట్టారు. అంత పనిమంతుడు పదకొండేళ్లు పాఠం చెప్పకుండా అక్కడే రిటైరయ్యాడు, ఆ పైవాళ్లకి సిగ్గులేకపోతే సరి! బోర్డులకేమో స్విచ్చులు మాత్రం బయటికి వదిలి, అద్దాల తలుపులు బిగించి తాళం వేశారు. నువ్వు చూసొచ్చింది వాటినే.

ఏంటీ? మీరంతా ఏం చేస్తున్నారు తాతయ్యా అంటావా? అడుగుతావే, అడగాల్సిందే. నా బోర్డు చివరిది, కిటికీ పక్కన. నా హోల్డర్లో కాగితం ముక్క అప్పటికే తీసేశాను. స్విచ్ నొక్కితే చాలు. మాస్టారు నా వైపే చూశాడు. పొద్దున అందరి ముందూ దద్దమ్మా అన్నాడని నాకు ఉక్రోషం. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

సర్లే, ఆ స్టూలు ఇటు లాగు. మెయిన్ ఆపావా? ఆపావు సరే. చూశావా?