ఎవరూ ముట్టని దేహం దగ్గర ఆచార్య కర్మాజిన్

1961 సెప్టెంబరు 5వ తేదీన మాంట్రియల్‌లోని మా కళాశాల తత్త్వశాస్త్ర విభాగంలో ఉపన్యాసకులుగా బాధ్యతలు స్వీకరించిన ఆచార్య ఫైవెల్ కర్మాజిన్ గారు, మూడు దశాబ్దాలకు పైబడిన విద్యాసేవ అనంతరం ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అనుభవాన్ని ఉన్నదున్నట్టు పరిశీలించే ఫినామినాలజీ, నీతి, మతం, ఆధునిక యూదు తత్త్వచింతన వేర్వేరు పాఠాలు కావనీ, అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయనీ వారు తొలి తరగతిలోనే చెప్పేవారు. ఎదుటి మనిషి ముఖం నన్ను ఏమి అడుగుతోంది? ఇదీ ఆ ప్రశ్న.

కర్మాజిన్ గారు 1931లో పోలండులోని ఒక చిన్న పట్టణంలో, గుర్రపు జీనులు కుట్టే కుటుంబంలో జన్మించారు. యుద్ధకాలంలో జర్మన్లు అక్కడి యూదులను గోడల మధ్య బంధించి, వారిలోనే కొందరిని పోలీసులుగా నియమించారు. పొరుగింటి నోసన్ ఉర్‌బాక్ అలా నియమితుడైనవాడే. 1942 శరత్కాలంలో, నేలమాళిగలో దాగిన కర్మాజిన్ గారి తల్లికీ, ఆమె ఇద్దరు పిల్లలకూ పైనుంచి అతని గొంతు వినిపించింది.

“సొరెల్ వదినా, నేను నోసన్‌ని. పైకి రా, ఏం భయం లేదు.”

తెలిసిన గొంతు కదా అని తల్లి పైకి వెళ్లింది. వెళ్తూ పిల్లల మీద చెక్కపలక మూసింది. తమ్ముడు ఫైవెల్ ఏడవకుండా అక్క జిస్సెల్ అతని నోరు నొక్కిపట్టుకుంది. జర్మన్లు మరణశిబిరానికి రైలెక్కించిన తల్లిని ఆ పిల్లలు మళ్లీ చూడలేదు.

యుద్ధానంతరం అనాథల ఓడలో ఇద్దరూ కెనడా చేరారు. జిస్సెల్ గారు ఉన్నికోట్ల కార్ఖానాలో కుట్టుపని చేసి తమ్ముణ్ణి చదివించారు, ఫ్రాన్సుకు పంపి డాక్టరేటు చేయించారు, తాను వివాహమాడలేదు. విభాగంలో చేరిన కర్మాజిన్ గారు క్రమంగా ఆచార్యులై, శాఖాధిపతులై, మూడు గ్రంథాలు వెలువరించారు. నేను ఒప్పుకోకముందే ఎదుటి ముఖం నా మీద బాధ్యత మోపుతుందన్నది వాటి సారాంశం. దేవుడున్నాడా అని అడిగిన విద్యార్థిని, “ముందు నీ పక్కవాడు తిన్నాడేమో కనుక్కో,” అని తిరిగి కూర్చోబెట్టిన సందర్భాలు అనేకం. తీరిక వేళల్లో వారు మా యూదు సమాజపు అంత్యక్రియల సంఘంలోనూ సేవచేసేవారు. మృతదేహానికి స్వజనమే స్నానం చేయించి పంపడం మా ఆచారం. బదులు తీర్చలేని వారికి చేసేది గనుక అంతకు మించిన దయ లేదంటారు.

ఈ అభినందన సంచిక కోసం సంప్రదించినప్పుడు వారు ఒక్క షరతు పెట్టారు. “రాస్తే ఉర్‌బాక్ సంగతి రాయండి. అందులో నన్ను మహాత్ముణ్ణి చెయ్యకండి. మా అక్క అన్న మాటలు తీసెయ్యకండి.”

1979 ఫిబ్రవరిలో ఉర్‌బాక్ ఈ నగరంలోనే మరణించాడు. అతడెవరో అందరికీ తెలుసు. ప్రార్థనలో ఎవరూ పక్కన నిలబడనివ్వని జీవితం గడిపాడు. సంఘం పెద్ద బెరిష్ గారు ఫోనులో తేల్చి చెప్పారు: “మావాళ్లెవరూ ఆ శవాన్ని ముట్టుకోరు ప్రొఫెసర్ గారూ. మునిసిపాలిటీ వాళ్లే చూసుకుంటారు.”

కర్మాజిన్ గారు నేరుగా అక్కగారింటికి వెళ్లారు.

“అక్కా, నోసన్ ఉర్‌బాక్ పోయాడు.”

“పోతే పోయాడు. టీ చల్లారిపోతోంది, తాగు.”

“కడగడానికి ఎవరూ రావట్లేదు. నేను వెళ్తున్నా.”

జిస్సెల్ గారు చేతిలోని కత్తెర బల్లమీద పెట్టారు. “అయితే వాణ్ణి క్షమించేశావన్నమాట.”

“లేదక్కా. క్షమించే హక్కు అమ్మది. అమ్మ లేదు. కడగడమొక్కటే నా చేతుల్లో ఉంది.”

“ఒరేయ్, అమ్మకెవడు నీళ్లు పోశాడ్రా?”





“వెళ్లకపోతే రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని నిలబడను?”

“ఓహో! నీ పాఠం నిలబడడానికి మా అమ్మ కావాల్సొచ్చిందా? వెళ్లు. మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు.”

వారు వెళ్లారు. తర్కశాస్త్రం బోధించే, దైవాన్ని నమ్మని మన సహచరులు మెండెల్ ఓస్ట్రో గారు తోడు వచ్చారు. “నాకు ప్రార్థనలు రావు గానీ, బకెట్లు మొయ్యగలను,” అన్నారట. ఇద్దరూ కలిసి గోరువెచ్చని నీటితో ఆ ముసలి దేహాన్ని తలనుంచి పాదాల వరకు కడిగి తెల్లని వస్త్రం తొడిగారు. చివర, తమ చేతుల్లో ఏదైనా అగౌరవం జరిగి ఉంటే మన్నించమని మృతుణ్ణి పేరుపెట్టి వేడుకోవాలి. అక్కడ కర్మాజిన్ గారు ఆగిపోయారు. తన తల్లిని పిలిచి అప్పగించినవాణ్ణి తానే క్షమాపణ అడగాలి. ఓస్ట్రో గారు ఖాళీ బకెట్టు పట్టుకుని ఎదురుచూశారు. ఆఖరికి కర్మాజిన్ గారు, “నోసన్, మమ్మల్ని మన్నించు,” అన్నారు.

జిస్సెల్ గారు అన్నమాట నిలబెట్టుకున్నారు. తమ్ముడు ప్రతి శుక్రవారం వెళ్లి తట్టినా తలుపు తెరవలేదు. ఆ ఏటినుంచి కర్మాజిన్ గారి బోధన మారిందని విద్యార్థులందరూ గుర్తించారు. బాధ్యతను గురించి ఉత్సాహంగా మాట్లాడడం మానేశారు. “ఒకరి ముఖం వైపు తిరిగామంటే ఇంకొకరికి మన వీపే కనిపిస్తుంది. ఆ ఇంకొకరి సంగతి చెప్పని నీతిశాస్త్రం సగం అబద్ధం,” అనేవారు. తమ పూర్వగ్రంథాలలో ఆ సగం లేదని తరగతిలోనే ఒప్పుకొనేవారు.

1991లో జిస్సెల్ గారు కన్నుమూశారు. మా ఆచారంలో స్త్రీల దేహాన్ని స్త్రీలే కడగాలి. కర్మాజిన్ గారు గది బయట వసారాలో నిలబడి, మూసిన తలుపు వెనక నీళ్ల చప్పుడు విన్నారు. పక్కన నిలిచిన ఓస్ట్రో గారితో, “నా చేతులు వాడికి పనికొచ్చాయి మెండెల్, ఆవిడకి పనికిరాలేదు,” అన్నారు. మర్నాడు తొమ్మిది గంటల తరగతికి కర్మాజిన్ గారు రాలేదు. ఇన్నేళ్ల సర్వీసులో వారు రాని తరగతి అదొక్కటే.

ఇటీవల విభాగంలో అభినందన వాక్యాలు రాస్తున్నారని తెలిసి వారు అన్నారు: “ఆయుష్షు కోరండి, కాదనను. మనశ్శాంతి మాత్రం కోరకండి. అది వచ్చిందంటే మా అక్కని మరిచిపోయినట్టే.”

కావున, వారి అభీష్టాన్ని శిరసావహించి ఆ ఒక్కటీ విడిచిపెడుతున్నాము. ఆచార్య కర్మాజిన్ గారికి మసకబారని చూపు, ఈ ఊరి చలికి లొంగని ఊపిరి, ఎవరు పిలిచినా లేచి వెళ్లగల సత్తువ, మా సంప్రదాయం కోరే నూట ఇరవై ఏళ్ల నిండు ఆయుష్షు కలగాలని విభాగ సహచరులందరం ఆకాంక్షిస్తున్నాము.