మూతపడిన డెల్టా కోర్టు

అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో ఓ చిన్న ఊరిలో ఉన్న ఫెడరల్ కోర్టుకు, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుకు, అది చివరి రోజు. మెట్ల మీద కూర్చున్న నల్లజాతి ముసలామె దగ్గరికి కాపలాదారు వచ్చాడు.

"ఇంక తాళం వెయ్యాలమ్మా."

"జడ్జిగారు మళ్లీ ఎప్పుడొస్తారు నాయనా?"

"ఇంక రారు. కేసులు తగ్గాయని ఈ కోర్టుని సిటీ కోర్టులో కలిపేశారు."

"ఓటరుగా పేరు రాయించుకోడానికెళ్తే, నల్లోడికి ఓటేంటని కౌంటీ ఆఫీసులోంచి తరిమేస్తే, మా నాన్న ఇక్కడికే వచ్చి కేసేశాడు."

"గెలిచాడా?"

"గెలిచాడు. కేసు నడిచినన్నాళ్లూ ఆయనకి తిండి సయించలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, మొక్కజొన్న రొట్టె ఇంకోటి పెట్టమన్నాడు."

"ఇప్పుడైనా అన్యాయం జరిగితే సిటీకి వెళ్లొచ్చమ్మా. కారులో రెండు గంటలేగా."

"కారున్నోళ్లని ఎవరు తరుముతారు నాయనా?"